కిర్క్‌కి పడింది శిక్షా, బహుమానమా?

కావలి కుర్రోడు:
స్టార్ ట్రెక్ అని అంతరిక్ష ఓడ కథల పాత సినిమాలు వరసబెట్టి చూస్తున్నా, 1986లో వచ్చిన నాలుగోది నిన్న రాత్రి అయిపోయింది. ఒక డౌట్. అయిదేళ్ల యాత్ర ముగించుకొచ్చి కెప్టెన్ నుంచి అడ్మిరల్ అయిన కిర్క్, స్నేహితుడు స్పాక్ కోసం పైవాళ్లు వద్దన్నా వినకుండా తన పాత ఓడ ఎంటర్‌ప్రైజ్‌ని ఎత్తుకుపోయి, శత్రువుల చేతికి పోకుండా తన చేత్తోనే పేల్చేశాడు. తర్వాత విచారణ పెట్టి మళ్లీ కెప్టెన్‌గా దించితే హాలంతా సంబరం! మన దగ్గర ఎవరినన్నా ఒక మెట్టు దించితే వారం రోజులు బజారుకు రాడు. ఇదేం శిక్ష?

పెన్నగట్టు:
అబ్బయా, అది శిక్ష పేరుతో ఇచ్చిన బహుమానం. అడ్మిరల్ అంటే ఆఫీసు పని, కెప్టెన్ అయితే ఓడ మళ్లీ చేతికొస్తుంది. అన్ని ఆరోపణలూ కొట్టేసి, పై అధికారి మాట వినలేదన్న ఒక్కటే ఉంచారు, అది కూడా కిర్క్ ఒక్కడి మీదే. కొట్టేయరా మరి, తిమింగలాల జవాబు కోసం వచ్చి భూమిని ముంచుతున్న అంతరిక్ష యంత్రాన్ని ఆపడానికి, కాలంలో వెనక్కి 1986 నాటి శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్లి తిమింగలాల్ని తెచ్చి భూమిని కాపాడినోడు! మా పెదనాన్న లెక్కల మాస్టారు, హెడ్మాస్టర్ ప్రమోషన్ వస్తే వద్దని రాసిచ్చేశాడు. అందరూ పిచ్చోడన్నారు. ఆయనకేమో మధ్యాహ్న భోజనం లెక్కలు, రిజిస్టర్లు చూస్తేనే తలనొప్పి, సుద్దముక్క చేతిలో ఉంటే చాలు. కిర్క్ కూడా అట్లా రాసివ్వాల్సింది, ఇవ్వలేదు. అదే ఆయన తప్పు.

ఒంగోలు గిత్త:
మీరు మరీ దేవుణ్ణి చేస్తున్నారు. 1979 నాటి మొదటి సినిమా మళ్లీ చూడండి. ఓడని కొత్తగా సిద్ధం చేసిన కెప్టెన్ డెకర్‌ని పక్కకు నెట్టి ఆ కుర్చీలో కిర్క్ తాను కూర్చున్నాడు. తీరా చూస్తే లిఫ్ట్ ఎక్కడుందో ఇంకొకర్ని అడగాల్సి వచ్చింది! దారికి అడ్డంగా పెద్ద రాయి వస్తే ఆయుధం పేల్చమన్నాడు, కొత్త డిజైన్‌లో అది పనిచేయదని తెలిసిన డెకరే ఆ మాట రద్దు చేసి కాపాడాడు. నా లెక్కలో అది ఓడ మీద ప్రేమ కాదు, కుర్చీ పిచ్చి. రెండో సినిమాకి గానీ బుద్ధి రాలేదు. పుట్టినరోజుకి డాక్టర్ మెకాయ్ పాతకాలం కళ్లద్దాలు ఇస్తాడు చూడండి, వయసైపోయిందని అక్కడే ఒప్పుకోవడం మొదలైంది.

రేవు మనిషి:
గిత్తన్నా, సగం ఒప్పుకుంటా. నేను కృష్ణపట్నం పోర్టులో పని చేస్తున్నా. చాలా ఏళ్లు ఓడ నడిపిన ఒకాయన ఇప్పుడు ఒడ్డున ఆఫీసులో ఉన్నాడు, ఏసీ రూము, జీతం ఎక్కువ, రాత్రికి ఇంటి భోజనం. కానీ హారన్ మోగిందంటే ఫైలు అట్లాగే వదిలేసి కిటికీ దగ్గరికి పోతాడు, టగ్గు ఎటు లాగుతోందో చూసి, ఇంకొంచెం ఎడమకి అని తనలో తానే గొణుక్కుంటాడు. టగ్గువాళ్లకు వినపడదు అనుకోండి. దాన్ని పిచ్చి అనమంటే అంటా, కుర్చీ పిచ్చి మాత్రం కాదు. ఆయనకి కుర్చీ ఆఫీసులోనే ఉంది కదా.

కావలి కుర్రోడు:
ఈ లెక్కన 1994 సినిమాలో తర్వాతి తరం ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ పికార్డ్‌కి ప్రమోషన్ తీసుకోవద్దని కిర్క్ చెప్పడం ఇప్పుడు అర్థమైంది. గిత్తన్నా, ఆ కళ్లద్దాలు నాలుగో దాంట్లో పాత సామాన్ల కొట్టులో 100 డాలర్లకి అమ్మేశాడు, చూశారా? స్నేహితుడిచ్చింది కదా అని స్పాక్ గుర్తుచేసినా ఆగలేదు, దారిఖర్చులకి డబ్బు కావాలి మరి.

ఒంగోలు గిత్త:
అమ్మాడు సరే, అద్దం పగిలిన వాటికి 100 డాలర్లిచ్చిన ఆ కొట్టాయన అడ్రసు చెప్పు, మా తాతవి రెండు జతలున్నాయి.