టార్నీట్ నుంచి మాయర్ విండోస్: పిల్లల్తో, అత్తగారితో ఎలా వెళ్ళాలి?

ప్రశ్న, టార్నీట్ నుంచి:
అందరికీ నమస్కారం. మేం ఆగస్టులో మెల్‌బోర్న్ వచ్చాం. పాప ప్రెప్ (ఇక్కడ స్కూల్లో మొదటి క్లాసు), బాబుకి మూడేళ్ళు. సిటీలో మాయర్ షాపు క్రిస్మస్ విండోస్ చూసొచ్చామని పాప క్లాసులో పిల్లలందరూ చెప్తున్నారట, ఇక రోజూ ఇంట్లో అదే గోల. టికెట్ ఎంత? ముందే బుక్ చెయ్యాలా? కారులో వెళ్తే పార్కింగ్ దొరుకుతుందా? మా అత్తగారు కూడా వచ్చి ఉన్నారు, ఆవిడ ఎక్కువసేపు నిలబడలేరు. ఇంకోటి, మేం క్రిస్మస్ చేసుకోం, వెళ్తే ఏమైనా ఇబ్బందా?

జవాబు, పాయింట్ కుక్ నుంచి:
టికెట్టూ లేదు, బుకింగూ లేదమ్మా. బర్క్ స్ట్రీట్ మాల్‌లో మాయర్ షాపు ముందు అద్దాల వెనకాల కదిలే బొమ్మలతో ఒక కథ పెడతారు, పేవ్‌మెంట్ మీద నడుస్తూ చూడ్డమే. బుకింగ్ అనేది షాపు లోపల శాంటాతో ఫోటోకి. కొత్తవాళ్ళు ఈ రెండూ కలిపేసుకుని స్లాట్ దొరకలేదని టెన్షన్ పడుతుంటారు. మీకు శాంటా వద్దనుకుంటే అసలు షాపు లోపలికే వెళ్ళక్కర్లేదు.

కారు మాత్రం వద్దు. డిసెంబర్‌లో సిటీ పార్కింగ్ అంటే డబ్బూ పోతుంది, ప్రాణమూ విసుగుతుంది. టార్నీట్‌లో వీలైన్ (బయటి ఊళ్ళ నుంచి సిటీకి వచ్చే) రైలు ఎక్కితే సిటీలో సదరన్ క్రాస్ స్టేషన్‌లో దిగుతారు, ఆ రైల్లో టాయిలెట్ ఉంటుంది, మూడేళ్ళ పిల్లాడితో అది చిన్న విషయం కాదు (మా వెరిబీ లైన్ రైళ్ళలో ఆ భాగ్యం లేదు). సదరన్ క్రాస్ నుంచి 96 కానీ 86 కానీ ట్రామ్ ఎక్కి బర్క్ స్ట్రీట్ మాల్ స్టాప్‌లో దిగండి. అదంతా ఫ్రీ ట్రామ్ జోన్, ట్రామ్‌లో మైకీ కార్డు (ఇక్కడి టికెట్ కార్డు) టచ్ చెయ్యకండి, చేస్తే డబ్బులు పోవచ్చు. ప్రామ్ (పిల్లల తోపుడు బండి) ఉంటే 96 చూసుకుని ఎక్కండి, ఫ్లోర్ కిందకి ఉంటుంది, మెట్లెక్కే పని లేదు. బయల్దేరే ముందు రైళ్ళు నడుస్తున్నాయా, బదులు బస్సులు వేశారా అన్నది ఒకసారి చూసుకోండి, ఎండాకాలంలో (ఇక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలమే) ట్రాక్ పనులు పెట్టుకోవడం వీళ్ళకి అలవాటే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మాల్ అనగానే మనకి నాలుగు గోడల మధ్య ఉండే షాపింగ్ మాల్ గుర్తొస్తుంది, ఇది అలా కాదు, కార్లు రాని రోడ్డు, కానీ ట్రామ్‌లు మాత్రం నడిమధ్య నుంచి పోతూనే ఉంటాయి. జనం పట్టాల మీదే అటూ ఇటూ దాటుతుంటారు, పిల్లలు అది చూసి పార్కు అనుకుని పరిగెడతారు. ట్రామ్ దిగిన దగ్గర్నుంచి బాబు చెయ్యి వదలకండి.

టైమ్ సంగతి. స్కూలు సెలవులు డిసెంబర్ 20 అటూ ఇటూగా మొదలవుతాయి, అప్పట్నుంచి క్రిస్మస్ దాకా వీకెండ్ సాయంత్రాలు అసలు పెట్టుకోకండి. బాబునీ అత్తగారినీ తీసుకెళ్ళాలంటే వారం మధ్యలో పొద్దున్న పది గంటలు మంచిది. రాత్రి లైట్లలో చూద్దాం అనుకుంటారేమో, ఇక్కడ డిసెంబర్‌లో ఎనిమిదిన్నర దాటితే కానీ పొద్దు గుంకదు, అప్పటికి బాబు మీ భుజం మీద నిద్రపోతుంటాడు. టోపీ, సన్‌స్క్రీన్, ఒక పల్చటి జాకెట్, మూడూ ఉండాల్సిందే, ఒకే రోజు ఎండా వానా రెండూ చూపిస్తుంది ఈ ఊరు.

చూసేటప్పుడు వరసలో ఒక చివర నుంచి మొదలుపెట్టండి. మామూలుగా ఆరు అద్దాలుంటాయి, కథ ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తుంది, చాలా ఏళ్ళు ఏదో ఒక పిల్లల బొమ్మల పుస్తకాన్నే కథగా తీసుకున్నారు. అందుకే ఈ ఏడాది ఏ పుస్తకమో ముందే కనుక్కుని మీ టార్నీట్ జూలియా గిలార్డ్ లైబ్రరీలో రిజర్వ్ చేసేయండి, కార్డు ఫ్రీయే. పాపకి రెండు రాత్రులు చదివి వినిపించి తీసుకెళ్తే అక్కడ కథ తనే మీకు చెప్తుంది. లేకపోతే వెనకాల లైన్ కదులుతుంటే మీరు అక్కడ రాసింది గబగబా చదవడం, పాప ఏంటేంటని అడగడం, బాబు ఏడవడం, అంతే.

బాబుకి కథ చెప్పే ప్రయత్నం చెయ్యకండి. అద్దానికి ముక్కు ఆనించి వాడికి ఏది నచ్చితే అది చూడనివ్వండి. మా చిన్నోడు ఒక ఏడాది పెద్ద బొమ్మలన్నీ వదిలేసి, కింద మూలన తలుపు తీస్తూ మూస్తూ ఉన్న బుల్లి బొమ్మ దగ్గర అతుక్కుపోయాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ హాయ్ చెప్పడం, మూసుకోగానే "పోయింది" అనడం. వెనకవాళ్ళని ముందుకి పంపించేసి మేం అక్కడే పక్కకి జరిగి నిలబడ్డాం, ఎవరూ ఏమీ అనలేదు.

జవాబు, ట్రుగనైనా నుంచి:
క్రిస్మస్ చేసుకోం కదా అన్నారు. ఆ మాయర్ ఎవరో చెప్తా వినండి. సిడ్నీ మాయర్ రష్యా సామ్రాజ్యం నుంచి 1899లో మెల్‌బోర్న్ వచ్చిన యూదు కుర్రాడు, వచ్చేనాటికి ఇంగ్లిషు సరిగ్గా రాదు. బెండిగో అనే ఊళ్ళో అన్నతో కలిసి చిన్న కొట్టు పెట్టి, సరుకు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మినవాడు. 1911లో బర్క్ స్ట్రీట్‌లో వ్యాపారం కొని, 1914కల్లా పెద్ద షాపు తెరిచాడు. తర్వాత మతం మార్చుకున్నాడు, అది వేరే కథ. 1930లో ఉద్యోగాలు లేక జనం అల్లాడుతుంటే ఎగ్జిబిషన్ బిల్డింగ్‌లో పది వేల మందికి క్రిస్మస్ భోజనం పెట్టించాడు. ఆయన 1934లోనే పోయాడు, ఈ విండోస్ మొదలైంది 1956లో, ఇక్కడ ఒలింపిక్స్ జరిగిన ఏడాది. కాబట్టి ఎవరొచ్చారు, ఏ పండగ చేసుకుంటారు అని అక్కడ అడిగేవాళ్ళు లేరు. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, మన బొమ్మల కొలువే కదరా, కాకపోతే కదుల్తోంది అంది. మీ అత్తగారికి కూడా వేరే వివరించక్కర్లేదు.

జవాబు, వెరిబీ నుంచి:
అందరూ పొగుడుతున్నారు కానీ ఇదంతా షాపులోకి లాగడానికే కదండీ. మేం ఫ్రీ షో అని వెళ్ళి బొమ్మల సెక్షన్‌లో బిల్లు కట్టి బయటపడ్డాం.

జవాబు, పాయింట్ కుక్ నుంచి:
నిజమేనండీ, షాపువాడు ఊరికే ఎందుకు పెడతాడు. ఆరో అద్దం అవ్వగానే రోడ్డు దాటించి ఎదురుగా ఉన్న రాయల్ ఆర్కేడ్‌లోకి తీసుకెళ్ళిపోండి. అక్కడ గడియారానికి అటూ ఇటూ గాగ్, మేగాగ్ అని ఇద్దరు రాక్షసుల బొమ్మలున్నాయి, 1892 నుంచి గంటగంటకీ గంట కొడుతున్నాయి. పదకొండుకి ఐదు నిమిషాల ముందే చేరేలా చూసుకోండి. బొమ్మల సెక్షన్ సంగతే మర్చిపోతారు. తర్వాత స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో స్టేట్ లైబ్రరీ ముందు పచ్చిక మీద కూర్చుని మీ పులిహోర డబ్బా తీయొచ్చు, అత్తగారికి కాళ్ళు చాపుకునే చోటు దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఈ వారం మా ఆయనకి సెలవు దొరకట్లేదు. క్రిస్మస్ అయ్యాక వెళ్తే ఉంటాయా?

జవాబు, ట్రుగనైనా నుంచి:
ఉంటాయి, మామూలుగా జనవరి మొదట్లో తీసేస్తారు. 26, అంటే క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే సేల్ రోజు మాత్రం ఆ వీధి వైపే వెళ్ళకండి. 29, 30 అయితే హాయిగా చూడొచ్చు, కాకపోతే ఆఖరి తేదీ ఏడాదికోలా మారుతుంది, వాళ్ళ సైట్‌లో చూసుకుని బయల్దేరండి.