మౌంజారోతో పాటు పిల్ వాడుతున్నవాళ్లు ఏం చేశారు?

అక్కలూ, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాను. వచ్చే వారం మౌంజారో (బరువు, షుగర్ తగ్గించే ఇంజెక్షన్) 2.5 మి.గ్రా. మొదలుపెడుతున్నా. రోజూ గర్భనిరోధక మాత్ర వేసుకుంటాను. ఈ ఇంజెక్షన్ వల్ల మాత్ర సరిగా ఒంటికి పట్టకపోవచ్చట. మొదటి 4 వారాలు, తర్వాత డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ కూడా వాడమని జీపీ సర్జరీలో (అంటే మా డాక్టర్ క్లినిక్‌లో) చెప్పారు. నెలనెలా డోసు పెంచుకుంటూ పోతే ఇక ఎప్పుడూ వాడుతున్నట్టే కదా! మా ఆయన మొహం చూడాలి.

అందుకే కాపర్-టి వేయించుకుందామా అనుకుంటున్నా, దానికి ఈ గొడవ లేదట. స్మియర్ టెస్టుకి (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ముందే చేసే పరీక్ష) పిలుపు కూడా వచ్చింది. రెండూ ఒకే అపాయింట్‌మెంట్‌లో చేయించుకున్నవాళ్లు ఉన్నారా? నొప్పి ఎలా ఉంది? ముందే పారాసిటమాల్ వేసుకెళ్లారా? అమ్మకి ఫోన్ చేసి అడిగే సంగతులు కావివి, కాస్త చెప్పండి.