కౌంటీ బడుల పాలన రాష్ట్రం చేతికి పోవాలా? వెస్ట్ వర్జీనియా అనుభవంపై చర్చ

లెక్కలపంతులు (చర్చ ప్రారంభించినవారు):

టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లకు స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఇల్లు కొనేముందు రేటింగ్ చూసుకోవలసిన ఒక పేరు. వెస్ట్ వర్జీనియాలో సంగతి వేరు. అక్కడ 55 కౌంటీలు (మన జిల్లాల వంటివి), 55 స్కూల్ డిస్ట్రిక్టులు. కౌంటీ ఎంత చిన్నదైనా, ఎంత పేదదైనా, అందులోని ప్రభుత్వ బడులన్నీ ప్రజలు ఎన్నుకున్న ఐదుగురు సభ్యుల బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంట్ కలిసి నడపాలి. నడపలేకపోతే రాష్ట్ర విద్యా మండలి ఆ అధికారాన్ని తన చేతిలోకి తీసుకోవచ్చు. 1992లో లోగన్ కౌంటీతో మొదలైన ఈ పద్ధతి 2000లో లింకన్‌కు, 2001లో మెక్‌డవెల్‌కు, 2023లో అప్షర్‌కు వచ్చింది. వీటి మధ్యలో వచ్చినవి మరికొన్ని ఉన్నాయి.

దీనివల్ల పిల్లలకు మేలు జరిగిందా అన్నదే నా ప్రశ్న. జరిగినది తక్కువ అని నా అభిప్రాయం. కారణం చెప్పాలంటే మెక్‌డవెల్ లెక్క ఒకటి చూడాలి. 1950లో ఆ కౌంటీ జనాభా 98,887. 2020 జనగణనలో అది 19,111. బొగ్గు గనుల్లో యంత్రాలు వచ్చాయి, ఆ తరువాత గనులే మూతపడ్డాయి, పని ఉన్నచోటికి కుటుంబాలు వెళ్లిపోయాయి. రాష్ట్రం ఇచ్చే డబ్బు ప్రధానంగా పిల్లల తలలు లెక్కపెట్టి ఇస్తుంది. ఉదాహరణకు ఒక ప్రాథమిక బడిలో కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా తరగతికి ఇద్దరు చొప్పున పన్నెండు మంది తగ్గారనుకుందాం. ఆ పన్నెండు మంది మీద వచ్చే డబ్బు పోతుంది, కానీ ఒక్క తరగతీ మూయలేము, ఒక్క పంతులునూ తీయలేము. శీతాకాలంలో అదే భవనాన్ని వేడిగా ఉంచాలి, బస్సు అదే కొండ ఎక్కి అదే కొండ దిగాలి. ఈ లెక్క తప్పుతున్నప్పుడు కుర్చీలో కూర్చున్నవారిని మార్చినంత మాత్రాన ఏం మారుతుందో అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలిగితే నా అభిప్రాయం సవరించుకుంటాను.

రిచ్మండ్‌పాఠకుడు:

పంతులుగారూ, మీ లెక్క సరైనదే కానీ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం వదిలేశారు. రాష్ట్రం జోక్యం చేసుకోవాలని మొట్టమొదట కోరింది ఆ పల్లె తల్లిదండ్రులే. 1975లో లింకన్ కౌంటీకి చెందిన జానెట్ పాలీ తన పిల్లల చదువు కోసం కోర్టుకు వెళ్లారు. ‘పరిపూర్ణమైన, సమర్థమైన ఉచిత బడుల వ్యవస్థ’ను ఏర్పాటు చేయాలని ఆ రాష్ట్ర రాజ్యాంగం శాసనసభను ఆదేశిస్తుంది. చదువు ప్రాథమిక హక్కు అని 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చి, ఆ వ్యవస్థలో ఏమేం ఉండాలో కూడా చెప్పింది. ఆ తరువాత 1982లో న్యాయమూర్తి ఆర్థర్ రెక్ట్ 244 పేజీల తీర్పులో రాష్ట్రం తన బాధ్యత నెరవేర్చడం లేదని వివరంగా రాశారు. బాధ్యత రాష్ట్రానిదని కోర్టు చెప్పాక, కౌంటీ బోర్డు విఫలమవుతుంటే రాష్ట్రం చూస్తూ కూర్చోవడం ఎలా న్యాయం?

మరో మాట. గనులు పోయిన కౌంటీలో నెలనెలా జీతమిచ్చే పెద్ద సంస్థ స్కూల్ డిస్ట్రిక్టే అవుతుంది. బస్సు నడిపే ఉద్యోగం, వంటగదిలో ఉద్యోగం, ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, అన్నీ ఆ ఐదుగురి ఓటు మీద ఆధారపడితే బంధుప్రీతికి ఎంత చోటు ఉంటుందో పల్లెలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్షర్‌లో కోవిడ్ సహాయంగా కేంద్రం ఇచ్చిన నిధుల ఖర్చులో లోపాలు బయటపడిన తరువాతే రాష్ట్రం లోపలికి వచ్చింది. లోగన్‌లో నాలుగేళ్లలో పరిస్థితి చక్కదిద్ది 1996లో తిరిగి అప్పగించింది. అధికారం తీసుకోవడం, పని పూర్తిచేయడం, వెనక్కి ఇచ్చేయడం: ఈ మూడూ జరిగిన ఉదాహరణ కళ్ల ముందు ఉండగా మొత్తం పద్ధతినే వ్యర్థమనడం తొందరపాటు.

లోయవాసి:

నేను ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో తొమ్మిదేళ్లు ఉన్నాను. మావారు డాక్టరు. జే-1 వీసా మీద వచ్చినవారు వైద్యులు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు తొలగుతుంది కదా, ఆ లెక్కన వెళ్లి అక్కడే మరి ఆరేళ్లు ఉండిపోయాము. మా పిల్లలిద్దరూ కౌంటీ బడిలోనే చదివారు. ఏ కౌంటీయో చెప్పను, ఆ బడి మీద నాకు ఫిర్యాదులతో పాటు చాలా ప్రేమ ఉంది.

ఫిర్యాదు ముందు చెబుతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆల్జీబ్రాకు సంవత్సరమంతా అసలు పంతులు లేరు. రోజుకొకరుగా తాత్కాలిక ఉపాధ్యాయులు వచ్చి వర్క్‌షీట్లు పంచి వెళ్లేవారు. ఉద్యోగ ప్రకటన ఇచ్చినా ఎవరూ రాలేదని ప్రిన్సిపాల్ నాతో నిజాయితీగానే చెప్పారు. ఇద్దరు వచ్చి చూసి, కుటుంబంతో ఉండటానికి అద్దె ఇల్లు దొరక్క వెళ్లిపోయారట. సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక మావారు వంటింటి బల్ల మీద మా అమ్మాయికి, పక్కింటి ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పేవారు. మా ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి మా అమ్మాయి గట్టెక్కింది. ఆ తరగతిలో మిగిలిన ఇరవై మందికి ఆ బల్ల ఎక్కడిది?

ఇప్పుడు ప్రేమ సంగతి. అక్కడ రెండు కొండల మధ్య ఇరుకు లోయను హాలర్ అంటారు. ఆ మలుపుల్లోకి బస్సు వెళ్లలేదు, అందుకని హాలర్ మొదట్లో ఆగుతుంది. శీతాకాలంలో ఆరింటికి ఇంకా చీకటే. ఒక ముసలాయన రోజూ టార్చిలైటు పట్టుకుని ఇద్దరు మనవళ్లను అక్కడిదాకా నడిపించుకొచ్చేవారు. నొప్పి మాత్రల వ్యసనం మా ప్రాంతంలో ఎన్ని కుటుంబాలను మింగిందో లెక్కలేదు. తాతల, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. ఆ బస్సు డ్రైవరు పిల్లలు ఎక్కగానే బయలుదేరకుండా, ఆయన ఇంటి వైపు తిరిగి టార్చి ఊపేదాకా ఆగేది. శుక్రవారం సాయంత్రం కొందరు పిల్లల సంచుల్లో శని, ఆదివారాలకు సరిపడా తినుబండారాలు ఎవరికీ కనబడకుండా పెట్టేవారు. 2018లో జీతాల కోసం రాష్ట్రమంతటా ఉపాధ్యాయులు తొమ్మిది బడిరోజులు సమ్మె చేసినప్పుడు, సమ్మెకు ముందే భోజనం పొట్లాలు కట్టి పంపిన పంతుళ్లు వాళ్లే. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగదో వాళ్లకు తెలుసు.

రిచ్మండ్‌పాఠకుడుగారూ, మీరన్న బంధుప్రీతి నేనూ చూశాను, కాదనను. కానీ బోర్డు సభ్యుడు మా కిరాణా దుకాణంలో ఎదురయ్యేవాడు, ఆల్జీబ్రా పంతులు ఏడని నిలదీయగలిగాను. అధికారం రెండు గంటల దూరంలోని రాష్ట్ర రాజధాని చార్లెస్టన్‌కు పోయాక ఏమవుతుందో లింకన్ కౌంటీలో అందరూ చూశారు. అక్కడ నాలుగు హైస్కూళ్లు ఉండేవి. హార్ట్స్ అనే ఊరి వైపు జనం గట్టిగా వ్యతిరేకించినా, పాలన రాష్ట్రం చేతిలో ఉండగా తీసుకున్న నిర్ణయంతో నాలుగింటినీ కలిపి 2006లో ఒక్క హైస్కూలు తెరిచారు. పల్లె పిల్లల కోసం కోర్టుకెక్కిన కౌంటీ అదేనని మీరే గుర్తుచేశారు. ఒక వైపు ప్రయాణం ప్రాథమిక బడి పిల్లలకు అరగంట, మిడిల్ స్కూలుకు ముప్పావుగంట, హైస్కూలుకు గంట దాటకూడదని రాష్ట్రమే పెట్టుకున్న మార్గదర్శకం ఉంది. కొండదారిలో మంచు పడిన రోజున ఆ గంట ఎంతవుతుందో ఆ బస్సులో కూర్చున్న పిల్లలకే తెలుసు.

పాతబడి:

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవో కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు మా ఊరి తల్లులు బడి గేటు దగ్గర నిలబడి అడిగింది ఇదే ప్రశ్న: మధ్యలో ఉన్న రోడ్డు పిల్లలతో ఎవరు దాటిస్తారు? సబ్జెక్టు టీచర్లు వస్తారని అధికారులు చెప్పిన మాటలో నిజం ఉంది, తల్లుల భయంలోనూ నిజం ఉంది. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను పక్కనపెట్టి వేరే ఏర్పాటు చేసింది. కొండల్లో ఒక కిలోమీటరు, మైదానంలో ఒక కిలోమీటరు ఒకటి కావని మాత్రం లోయవాసిగారి మాట చదివాక మళ్లీ అనిపించింది.

రిచ్మండ్‌పాఠకుడు:

లోయవాసిగారూ, మీ బస్సు వర్ణన చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా ఒక్కటి అడగాలి. తొంభై మంది ఉన్న హైస్కూల్లో కెమిస్ట్రీ ప్రయోగశాల, కాల్క్యులస్, వెల్డింగు తరగతి, ఇవన్నీ ఎలా వస్తాయి? మెక్‌డవెల్‌లో 2001, 2002 వరదలు వరుసగా వచ్చి బడి భవనాలనూ దెబ్బతీశాయి. నాసా ఇంజనీరు హోమర్ హికమ్ చదివిన బిగ్ క్రీక్ హైస్కూలును, ఐగర్ హైస్కూలును కలిపి 2010లో బ్రాడ్‌షాలో రివర్ వ్యూ అనే కొత్త బడి కట్టారు, అది రాష్ట్ర పాలన ఉన్న కాలమే. పాత బడి పేరు మీద అభిమానం నాకు అర్థమవుతుంది, కానీ వరద ముంపులో ఉన్న భవనంలో పిల్లలను కూర్చోబెట్టడం అభిమానం అనిపించుకోదు.

లెక్కలపంతులు:

రివర్ వ్యూ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. భవనం కట్టడం రాష్ట్రానికి చేతనైన పని, అంత డబ్బు ఆ కౌంటీ పన్నుల నుంచి వచ్చేది కాదు. కౌంటీ ప్రజలు ఓటు వేసి తమ మీద తాము వేసుకునే అదనపు పన్ను (లెవీ) కూడా ఆస్తుల విలువ మీద ఆధారపడేదే, గనులు పోయినచోట ఆ విలువా పోయింది. అయితే మెక్‌డవెల్ 2001 నుంచి 2013 దాకా రాష్ట్రం చేతిలోనే ఉంది కదా. పదేళ్లు గడిచాక 2011లో, అప్పటి రాష్ట్ర విద్యా మండలి సభ్యురాలు గేల్ మాంచిన్ స్వయంగా ఉపాధ్యాయ సంఘం ఏఎఫ్‌టీని, దాని అధ్యక్షురాలు రాండీ వైన్‌గార్టెన్‌ను సహాయం అడిగారు. అలా వచ్చిందే ‘రీకనెక్టింగ్ మెక్‌డవెల్’ అనే కార్యక్రమం. పరిపాలన పూర్తిగా తన చేతిలో ఉన్నప్పుడే రాష్ట్రం మరొకరి తలుపు తట్టవలసి వచ్చిందంటే, లోపం ఆ ఐదుగురు సభ్యులలో మాత్రమే లేదని రాష్ట్రమే ఒప్పుకున్నట్టు కాదా?

ఆ కార్యక్రమం దేనిమీద దృష్టి పెట్టిందో గమనించండి. వార్ పట్టణంలోని సౌత్‌సైడ్ బడిలోనే పిల్లలకు వైద్యం, కుటుంబాలకు సాయం దొరికే ఏర్పాటు. ఉపాధ్యాయులకు అద్దె ఇల్లు దొరకదు కాబట్టి కౌంటీ కేంద్రమైన వెల్చ్‌లో వారికోసం అపార్ట్‌మెంట్ భవనం కట్టాలన్న ప్రణాళిక. లోయవాసిగారి అమ్మాయికి ఆల్జీబ్రా పంతులు దొరకకపోవడానికి కారణం ఏదో, సరిగ్గా అక్కడికే ఈ ఆలోచన వెళ్లింది. మీరు విజయమని చూపించిన లోగన్‌నే 2022లో రాష్ట్రం మళ్లీ స్వాధీనం చేసుకోవలసి వచ్చిందన్న సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

దొంగఖర్చు జరిగినచోట రాష్ట్రం వెంటనే ఖాతా పుస్తకాలు స్వాధీనం చేసుకోవాలనే నేనూ అంటాను, అందులో రెండో ఆలోచన లేదు. బడి మూయడం, బస్సు దారి మార్చడం వంటి నిర్ణయాలు మాత్రం ఆ రోడ్ల మీద తిరిగేవారి ఓటు లేకుండా జరగకూడదు. ఇక డబ్బు లెక్క ఇంకా బిగుసుకుంటోంది. 2021లో వచ్చిన హోప్ స్కాలర్‌షిప్ చట్టం ప్రకారం ప్రభుత్వ బడి వదిలి ప్రైవేటు బడికో ఇంటి చదువుకో మళ్లే పిల్లలకు రాష్ట్రం డబ్బు ఇస్తోంది, వాళ్లతోపాటు తల లెక్క తగ్గుతుంది. మొదట చెప్పిన ఆ పన్నెండు మంది ఊరు వదలకపోయినా బడి లెక్కలో లేకుండా పోవచ్చు. బస్సు మాత్రం హాలర్ మొదట్లో మిగిలిన ఇద్దరికోసం ఆరింటికి ఆగవలసిందే. దానికి డీజిలు ఎవరు పోయాలన్నది చార్లెస్టన్‌లో తేల్చవలసిన విషయం. రిచ్మండ్‌పాఠకుడుగారు చెప్పిన 1979 తీర్పు చేతిలో పట్టుకుని ఆ కౌంటీల తల్లిదండ్రులు అడగవలసింది ఆ డబ్బునే.