"కంపవాత కారక ప్రొటీన్" అనవచ్చా?

ప్రశ్న: మా బడి గోడపత్రిక కోసం పిల్లలు పార్కిన్ అనే ప్రొటీన్ మీద చిన్న వ్యాసం రాశారు. పార్కిన్సన్స్ జబ్బుని ఆయుర్వేదంలో కంపవాతం అంటారు కదా అని "కంపవాత కారక ప్రొటీన్ కణ విభజనను అదుపు చేస్తుంది" అని మొదలుపెట్టారు. వినడానికి బాగానే ఉంది గానీ ఎక్కడో తేడా కొడుతోంది. ఏం మార్చమంటారు?

జవాబు: టీచర్ గారూ, తేడా "కారక" దగ్గరే ఉంది. క్షయ కారక బాక్టీరియా అంటే సరిపోతుంది, అది ఒంట్లో చేరితేనే క్షయ వస్తుంది. పార్కిన్ సంగతి పూర్తిగా ఉల్టా. అది ఉండి పని చేస్తున్నంత కాలం మంచిదే, అమ్మ నుంచి ఒకటీ నాన్న నుంచి ఒకటీ వచ్చిన జన్యువు ప్రతులు రెండూ చెడిపోయినవాళ్లకే చిన్న వయసులో, చాలామందికి నలభై దాటకముందే, వణుకూ కండరాల బిగుతూ మొదలవుతాయి. 1998లో జపాన్ పరిశోధకులు ఈ జన్యువును పట్టుకున్నది అలాంటి కుటుంబాల్లోనే. అలా జబ్బు పేరు దానికి అంటుకుంది.

దాని అసలు పని 2000లో తెలిసింది. అక్కర తీరిన ప్రొటీన్లకి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ని తగిలిస్తుంది, ఆ గుర్తు పడ్డవాటిని ప్రోటియాజోమ్ అనే కణంలోని చెత్త మిషను ముక్కలు చేస్తుంది. కణ విభజనలో ఇదెందుకు ముఖ్యమో పిల్లలకి బొమ్మ గీసి చూపించండి. సమవిభజన మధ్యస్థదశలో క్రోమోసోములు కణం నడుమ వరుసగా నిలబడి, కండె పోగులకి తగులుకుని ఉంటాయి. అవి సమంగా విడిపోయి విభజన పూర్తి కావాలంటే సైక్లిన్ బి1, అరోరా కైనేజ్, పోలో లైక్ కైనేజ్ 1 లాంటి విభజనను నడిపించే ప్రొటీన్లు సమయానికి తొలగిపోవాలి. ఈ పని ఏపీసీ అనే పెద్ద ప్రొటీన్ సముదాయం, సీడీసీ20, సీడీహెచ్1 అనే సహాయకులతో కలిసి చేస్తుందని చదువుకున్నాం. పార్కిన్ కూడా అదే సహాయకులను వెంటబెట్టుకుని, ఏపీసీతో పని లేకుండా ఇదే చేస్తుందని 2015లో మాలిక్యులర్ సెల్ పత్రికలో వచ్చింది. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది: పార్కిన్‌కి ఫాస్ఫేట్ తగిలించి పనిలోకి దింపేది పోలో లైక్ కైనేజే, ఆ తర్వాత పార్కిన్ గుర్తు వేసేవాటిలో అదీ ఒకటి!

పార్కిన్ లేకపోతే ఇవన్నీ పేరుకుపోతాయి, క్రోమోసోముల పంపకం తప్పుతుంది, ఒక పిల్లకణానికి ఎక్కువా ఇంకోదానికి తక్కువా వస్తాయి. క్యాన్సర్‌కి దారి వేసే గందరగోళం ఇదే.

మరొకరు: ఒక సందేహం అండి. పార్కిన్సన్స్‌లో మెదడు కణాలు చచ్చిపోతాయి, క్యాన్సర్‌లో కణాలు విపరీతంగా పెరుగుతాయి. ఒకే ప్రొటీన్ లోపం రెండిటికీ ఎలా?

జవాబు: పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు, అవి విభజన చెందవు కదా. అక్కడ పార్కిన్ ముఖ్యంగా పాడైన మైటోకాండ్రియాను ఏరి పారేయిస్తుంది, ఆ పని ఆగితే కణం దెబ్బతింటుందన్నది బలంగా వినిపించే వివరణ. పేగుల్లాంటి చోట కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి, అక్కడ లోపం వస్తే అదుపు తప్పుతుంది. మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లోనూ పెద్దపేగు క్యాన్సర్‌లోనూ ఈ జన్యువులో మార్పులున్నట్టు 2010లో చూపించారు. జన్యువు ఉన్న చోటు కూడా మార్పులకి అనువైనదే. ఆరో క్రోమోసోములో తేలిగ్గా తెగిపోయే ప్రాంతం అది.

అలాగని పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు క్యాన్సర్ వస్తుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు, వ్యాసంలో ఈ మాట తప్పకుండా రాయించండి. వాళ్లలో మొత్తం మీద క్యాన్సర్లు తక్కువగానే కనిపిస్తాయి, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మాత్రం కాస్త ఎక్కువ. కణితిలో ఆ కణాలకి మాత్రమే వచ్చిన మార్పు వేరు, పుట్టుకతో వచ్చినది వేరు.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్స్ అండి. క్యాన్సర్‌కి రాచపుండు అని రాయమంటారా?

జవాబు: వద్దండి. షుగర్ ఉన్నవాళ్లకి వీపు మీద లేచే పెద్ద కురుపుని కూడా రాచపుండు అంటారు, పిల్లలు కలిపేసుకుంటారు. క్యాన్సర్ అనే ఉంచండి. మొదటి వాక్యం ఇలా పెట్టి చూడండి: "పార్కిన్ అనే ప్రొటీన్ లోపిస్తే కొందరికి చిన్న వయసులోనే కంపవాతం వస్తుంది, కణ విభజన సవ్యంగా జరగడానికీ ఈ ప్రొటీన్ తోడ్పడుతుంది."