రోజర్ అంటే "సరే" అని రాయొచ్చా?

ప్రశ్న:
ఒక ఇంగ్లీషు యుద్ధం సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నానండీ. ఒకడు రేడియోలో "సన్‌రే డౌన్" అని అరుస్తాడు. నేను "సూర్యుడు అస్తమించాడు" అని రాసి పంపేశాను. తీరా చూస్తే ఆ సీను మిట్టమధ్యాహ్నం! పని ఇచ్చినాయన ఫోన్ చేసి నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. పైగా రేడియోలో జవాబుగా అనే రోజర్, విల్కో రెండూ "సరే" అని రాసుకుంటూ పోయాను. రేడియోలో ఒక్కో దళాన్ని పిలిచే పేరు ఉంటుందే, కాల్‌సైన్, దాన్ని "సంకేతనామం" అన్నాను. ఎక్కడెక్కడ దిద్దుకోవాలో చెప్పండి.

జవాబు:
ముందు సన్‌రే సంగతి. బ్రిటిష్ సైన్యంలోనూ, ఆ పద్ధతి తీసుకున్న కెనడా, ఆస్ట్రేలియా సైన్యాల్లోనూ రేడియో మీద సన్‌రే అంటే ఆ దళం కమాండర్. అది మనిషి పేరు కాదు, కుర్చీ పేరు. ముప్పై మంది ఉండే ప్లటూన్‌కీ ఒక సన్‌రే ఉంటాడు, వేల మంది ఉండే బ్రిగేడ్‌కీ ఉంటాడు. ఆయన తర్వాతివాడు సన్‌రే మైనర్. ఇలాగే ఫిరంగి దళానికి షెల్‌డ్రేక్, ఇంజనీర్లకి హోల్డ్‌ఫాస్ట్, వైద్యానికి స్టార్‌లైట్.

"సన్‌రే డౌన్" అంటే కమాండర్‌కి దెబ్బ తగిలిందని. పోయాడా, ఉన్నాడా అన్నది ఆ మాటలో లేదు. అందుకని "కమాండర్ పడిపోయారు" అని రాయండి. "నేలకొరిగారు" అన్నారంటే మీరే చంపేసినట్టు.

అమెరికా వాళ్లు ఇదే పని అంకెలతో చేస్తారు. కాల్‌సైన్ చివర సిక్స్ ఉంటే కమాండర్, ఫైవ్ ఉంటే ఆయన తర్వాతి అధికారి. "యాక్చువల్" అని తగిలిస్తే, రేడియో పట్టుకున్న కుర్రాడు కాదు, కమాండరే స్వయంగా మాట్లాడుతున్నాడని అర్థం. దీనికి మనకి మాట వెతుక్కోనక్కర్లేదు, ఏకారం ఒక్కటి చాలు: "కమాండర్ గారే".

ఇక రోజర్. మోర్స్ కోడ్ రోజుల్లో సందేశం అందిందనడానికి ఆర్ అనే అక్షరం పంపేవారు, అంటే రిసీవ్‌డ్. అప్పటి రేడియో అక్షరమాలలో ఆర్‌కి పెట్టిన పేరు రోజర్. 1956లో అక్షరమాల మారి ఆర్ కాస్తా రోమియో అయింది, రోజర్ మాత్రం నోళ్లలో ఉండిపోయింది. దానర్థం "అందింది" అని, అంతే. ఒప్పుకున్నాననీ కాదు, చేస్తాననీ కాదు. కథ చెబుతుంటే ఊ కొడతాం చూడండి, అదీ రోజర్. ఊ కొట్టినవాడు కథ నమ్మాడని ఎవరూ అనుకోరు కదా.

విల్కో అలా కాదు. విన్నాను, అర్థమైంది, చేస్తాను అని మూడూ అందులోనే ఉన్నాయి. అందుకే "రోజర్ విల్కో" అని కలిపి అనకూడదు, సినిమాల్లో ఎన్నిసార్లు అన్నా సరే. అసలు కిటుకు ఇంకోటుంది. విల్కో అనే హక్కు ఆ ఆదేశం ఎవరి పేర వచ్చిందో వాళ్లకే. రేడియో కుర్రాడు రోజర్ అని ఊరుకోవాలి. కమాండర్ తరఫున మాట ఇవ్వడానికి వాడెవడు? మీ "సరే" ఈ తేడాని మింగేస్తుంది. తెలుగులో సరే అంటే విన్నాననీ అవుతుంది, ఒప్పుకున్నాననీ అవుతుంది, "ఇంక ఆపు" అని కూడా అవుతుంది. నన్నడిగితే రోజర్‌కి "అందింది", విల్కోకి "చిత్తం".

ఇంకొకరు:
చిత్తం అంటే కిరీటాలు, గదలు కళ్లముందు కొస్తాయండీ. యూనిఫాంలో ఉన్నవాడి నోట "అలాగే సార్" చాలదూ?

జవాబు:
ఒప్పుకున్నాను. "అలాగే"లో చేస్తానన్న మాట ఉంది, సరేలో లేదు. చిత్తం వెనక్కి తీసుకుంటున్నా.

కాల్‌సైన్‌కి సంకేతనామం అంటే దాచడానికి పెట్టిన పేరులా వినిపిస్తుంది. దాచడమూ ఉంటుంది గానీ దాని మొదటి పని పిలవడం. "పిలుపు పేరు" అంటే హాయిగా ఉంటుంది. బ్రిటిష్ తరహాలో సున్నా అంటే ప్రధాన స్థావరం. 2 ఒక కంపెనీ (కొన్ని ప్లటూన్లు కలిసిన దళం) అయితే 21, 22, 23 దాని ప్లటూన్లు. గమనించారా, మన పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత! 21 అనగానే వాడు ఎవరి కింద పనిచేస్తాడో తెలిసిపోతుంది. పిలిచేటప్పుడు కూడా అవతలివాడి పేరే ముందు: "టూ వన్, నేను టూ". సంబోధన ముందు పెట్టడం మనకి అలవాటైన వరసే.

చైన్ ఆఫ్ కమాండ్‌కి "ఆజ్ఞా పరంపర" అని రాస్తుంటారు. పరంపర అంటే నాకు గురువులు, వంశాలు గుర్తొస్తాయి, ఒకరు వెళ్లాక ఇంకొకరు. ఇక్కడ అందరూ ఒకే సమయంలో ఉంటారు, మాట ఒకరి నుంచి ఒకరికి దిగుతుంది. మనకి "అంచె" అని పాత మాట ఉంది. కబురు ఒక మనిషి చేతి నుంచి ఇంకో మనిషి చేతికి మారే మజిలీ అది. మూడంచెల వ్యవస్థ అంటున్నది అందుకే. "ఆదేశాల అంచెలు" అని రాసి చూడండి.

మరొకరు:
ఓవర్, అవుట్ మర్చిపోయారు. ఓవర్ అంటే "ఇక మీరు చెప్పండి". అవుట్ అంటే ఫోన్లో మనం అనే "ఉంటానండీ". రెండూ కలిపి "ఓవర్ అండ్ అవుట్" అంటే, మీరు చెప్పండి అని ఫోన్ పెట్టేయడమే. ఇంకోటి, వినబడకపోతే "రిపీట్" అనరు, "సే అగైన్" అంటారు. ఫిరంగి దళానికి రిపీట్ అంటే అదే చోట మళ్లీ పేల్చమని!

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారాలు. ఇప్పుడు ఇంకోటి వెలిగింది. అదే సీన్లో రెండు నిమిషాల తర్వాత, అప్పటిదాకా సన్‌రే మైనర్‌గా ఉన్న కుర్ర లెఫ్టినెంట్ రేడియో అందుకుని "దిస్ ఈజ్ సన్‌రే" అంటాడు. స్క్రిప్టులో తప్పు పడిందనుకుని ఆ లైనే ఎత్తేశాను. మళ్లీ పెట్టాను: "ఇప్పుడు కమాండర్‌ని నేనే."