అప్‌డేట్: క్యాసెట్ ఊగుడు బందైంది

మొన్న అడిగిన గదా, సైకిల్ కొత్త వెనక వీల్‌కు పాత 9 స్పీడ్ క్యాసెట్ (తొమ్మిది గేర్ల పండ్ల చక్రాల సెట్టు) ఎక్కిస్తే, దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఎంత బిగించినా లటలట ఊగుతుందని. క్యాసెట్ తప్పేం లేదు. ఈ హబ్ (వీల్ నడిమిట్ల ఉండే భాగం) 11 స్పీడ్ రోడ్ సైకిల్‌ది, క్యాసెట్ ఎక్కే కాడ పాతదానికంటే 1.85 మిల్లీమీటర్లు పొడుగు, అందుకే లాక్‌రింగ్ హబ్ అంచుకు తాకి ఆగిపోతుంది గని క్యాసెట్‌ను నొక్కుత లేదు. మీరు చెప్పినట్టే అంతే మందం స్పేసర్ (సందు నింపే రింగు) తెప్పిచ్చి ముందు అది ఏసి, హబ్ మీది గాడీలల్ల ఒకటి సన్నగుంటది గదా దాన్ని సూస్కొని క్యాసెట్ దించి, దోస్తు టార్క్ రెంచ్ (ఎంత బలంతోని బిగిస్తున్నమో సూపే పాన) తెచ్చి 40 న్యూటన్ మీటర్లకు లాక్‌రింగ్ బిగిస్తే కటకట సప్పుడు చేసుకుంట గట్టిగ కూసుంది. హన్మకొండల ఒక షాపాయన హబ్బే ఖరాబన్నడు, ఇంకో వీల్ కొనిపిస్తుండె! పొద్దుగాల కాజీపేట దాక పోయొచ్చిన, మూడో గేరే జర గునుస్తుంది, కేబుల్ సూడాలె.