అమ్మ దాచిన కుట్లు అల్లికల పత్రికలు, నా క్రాఫ్ట్ కాగితాలు: ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇచ్చేయాలి?

ప్రశ్న (కడప)

అందరికీ నమస్కారం. ఎర్రముక్కపల్లిలో సొంతిల్లు ఖాళీ చేసి వచ్చే నెల చిన్న అపార్ట్‌మెంటుకు మారుతున్నాం. అటక మీద నుంచి పదకొండు అట్టపెట్టెలు దించాం. ఆరింటిలో మా అమ్మ 1982 నుంచి దాచుకున్న ఆడవాళ్ల మాసపత్రికలు ఉన్నాయి: కుట్లు, క్రోషా, ముగ్గులు. మిగతా ఐదూ నావి. క్విల్లింగ్ కాగితాలు (చుట్టి పువ్వులు చేసే సన్న రంగు పట్టీలు), గ్లేజ్ పేపర్లు, క్రేప్ పేపర్, చార్టులు, ఎప్పటివో శుభలేఖలు. ఒక పెట్టెకు అడుగున చెదలు పట్టాయి.

అమ్మ పోయి రెండేళ్లయింది. పాత పేపర్ల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా పిలుద్దామని గేటు దాకా పోయి వెనక్కి వస్తున్నా. అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోమంటారు మావారు. అన్ని పేజీలు తీయాలంటే నెల చాలదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు)

అక్కా, ముందు ఆ చెదల పెట్టె సంగతి చూడు. ఈరోజే ఇంట్లోంచి బయటపెట్టు. పుట్ట పెట్టెలో ఉండదు, నేలలో ఉంటుంది. గోడ వెంట మట్టి గీతలా దారి కట్టుకుని పైకి వస్తాయి. కాబట్టి పెట్టెలో కనిపించినవాటిని చంపినంత మాత్రాన అయిపోదు. పత్రికలు ఒక్కొక్కటి విడదీసి, మట్టి దులిపి, పెట్టెను మాత్రం పారేయి. నిజానికి ఏ అట్టపెట్టెనూ కొత్తింటికి తీసుకుపోవద్దు, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలు కొను. కాగితాలకు గాలి తగలాలి గానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేయకు, రంగులు వెలిసిపోతాయి. పొద్దున నీడపట్టున పరిస్తే చాలు.

ఇక ఏవి ఉంచాలన్నది. మాకు జరిగింది చెబుతాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు మా అత్తగారి పత్రికలు బీరువా కింది అరలో మునిగిపోయాయి. మామూలు కాగితం మీద అచ్చయినవి తాడు మీద ఆరేస్తే పసుపుబారినా చదవడానికి వచ్చాయి. నిగనిగలాడే కాగితానివి మాత్రం ఇటుకల్లా గట్టిపడిపోయాయి. ఆ కాగితానికి పైన సన్నటి మట్టిపూత ఉంటుంది. తడిస్తే అది మెత్తబడి, ఆరేటప్పుడు పేజీకి పేజీని జిగురులా అంటించేస్తుంది. మీ వాటిలో అట్లా అతుక్కున్నవి ఉంటే కత్తిపెట్టి విడదీయాలని చూడకు, అచ్చు ఊడి వస్తుంది.

ఆ రోజు వందల పత్రికల్లో చెక్కుచెదరకుండా మాకు దక్కినవి ఎనిమిది కాగితాలే. అత్తగారు చించి వేరే నోటుబుక్కులో పెట్టుకున్నందుకే దక్కాయి. ఇప్పటికీ మా ఇంట్లో వాడేది ఆ ఎనిమిదే. అందుకే పత్రికను పత్రికగా చూసి తేల్చుకోవద్దంటాను. పేజీని చూడు. మధ్యలో పిన్నులు పీకేస్తే కాగితాలు సులభంగా ఊడొస్తాయి. చించే ముందు వెనకపేజీ తప్పకుండా చూడు, క్రోషా లెక్కలు సగం అక్కడే ఉంటాయి. అమ్మ చేతిరాత ఉన్నవి, నువ్వు ఈ ఏడాదిలో నిజంగా కుడతావనుకున్నవి, అసలు సైజులో అచ్చయిన డిజైన్ షీట్లు, ఇవి చాలు. ఫొటో తీస్తే పక్కన స్కేలు పెట్టి తియ్యి. లేకపోతే తర్వాత ఆ పువ్వు ఎంత సైజో తెలియదు.

ఒక సంవత్సరం పత్రికలు పన్నెండు నెలలవీ వరసగా, చిరగకుండా ఉంటే మాత్రం వాటిని కోయకు. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మీ ఎర్రముక్కపల్లిలోనే ఉంది కదా, ఒకప్పుడు బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే. తీసుకుంటారేమో ముందు వెళ్లి అడుగు.

జవాబు (అనంతపురం)

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. మీ ఐదు పెట్టెల గురించి చెబుతానండీ.

క్విల్లింగ్ కాగితం ఒక్కటి తీసి చుట్టి చూడండి. నున్నగా చుట్టుకుంటే ఆ కట్ట మొత్తం పనికొస్తుంది. విరిగితే పెళుసెక్కినట్టే, ఇంకెవరికీ ఇవ్వద్దు. గ్లేజ్ పేపరు మడిచినచోట రంగు రాలితే అదీ అంతే. పాత డబుల్ టేపు, గడ్డకట్టిన ఫెవికాల్ ఆలోచించకుండా పారేయండి.

మిగిలినవి బడికి ఇవ్వొచ్చు, అంగన్‌వాడీకి ఇవ్వొచ్చు. టీచరు ట్రైనింగు (బీఈడీ, డీఈఎల్‌ఈడీ) చదివే పిల్లలకు టీఎల్‌ఎం, అంటే పాఠాలు చెప్పడానికి వాడే సామగ్రి, తయారు చేయడానికి చార్టులు, రంగు కాగితాలు ఎప్పుడూ కావాలి. కానీ పెట్టెకు పెట్టె తెచ్చి దింపకండి. ఒకసారి మా బడికి అట్లాగే వచ్చింది. మంచీ చెడూ కలిసి ఉన్నాయి, ఏరడానికి తీరిక లేక ఏడాది పాటు మూలన పడి చివరికి ఎలుకలపాలయ్యాయి. ఇచ్చినావిడకు తెలిస్తే ఎంత బాధపడేదో. ఇరవై కాగితాలు, ఒక జిగురు డబ్బా, మొన తేలని చిన్న కత్తెర కలిపి ఒక కవరులో పెట్టి, పైన ఏముందో రాసి ఇవ్వండి. మరుసటి రోజే పిల్లల చేతుల్లో ఉంటాయి.

శుభలేఖల మీద దేవుళ్ల బొమ్మలుంటాయి, చెత్తలో వేయడానికి మనకు మనసొప్పదు. బొమ్మ వరకు కత్తిరించి పక్కన పెట్టండి. మిగిలిన అట్ట వెనకవైపు అక్షరాల కార్డులకు చాలా బాగుంటుంది. మెరుపులు అద్దినవి, ప్లాస్టిక్ పొర ఉన్నవి పాత పేపర్లలో కలపకండి. అనుమానమొస్తే గుప్పిట్లో నలిపి వదలండి. మళ్లీ విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర ఉన్నట్టే.

జవాబు (ప్రొద్దుటూరు)

మగ్గం వర్క్ చేస్తాను. పత్రికల మధ్యలో పలచటి ట్రేసింగ్ కాగితాలు ఉన్నాయేమో చూడక్కా. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గీత వెంబడి సూది బెజ్జాలు కనబడతాయి. గుడ్డ మీద ఆ కాగితం పరిచి, కిరోసిన్‌లో నీలం పొడి కలిపి దూదితో రుద్దితే డిజైన్ కిందికి దిగుతుంది. ఒక్క కాగితంతో ఎన్ని రవికలకైనా దించొచ్చు. మాసిపోయిన కాగితమని పొరపాటున పారేస్తారు చాలామంది. మడత పెట్టొద్దు, మడతలో చిరుగుతుంది. చుట్టి పెట్టుకో.

అడిగినవారి మాట (కడప, రెండు వారాల తర్వాత)

అందరికీ చేతులెత్తి దండం. రోజుకొక పెట్టె చొప్పున చూశాను. అమ్మ ఆరు పెట్టెల్లోంచి రెండు ఫైళ్లు మిగిలాయి. మన ఎండలకు పనికిరావని స్వెటర్ల డిజైన్లు అన్నీ వదిలేశాను, చంటిబిడ్డల టోపీలవి మాత్రం ఉంచుకున్నా. నా సామాన్లతో పద్నాలుగు కవర్లు కట్టాను. పక్కవీధి అంగన్‌వాడీకి ఆరు, మా చెల్లెలి కూతురు బీఈడీ చదువుతోంది, తనకూ తన స్నేహితులకూ ఎనిమిది. పూర్తి ఏడాదివి రెండు కట్టలు దొరికాయి, సోమవారం వెళ్లి అడుగుతాను. నిన్న బండి వస్తే నేనే పిలిచాను.

ప్రొద్దుటూరు చెల్లెమ్మా, నువ్వు చెప్పిన కాగితం చెదల పెట్టెలోనే దొరికింది. ఒక మూల తినేశాయి. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే మామిడి పిందెల వరస, కింద జడకుచ్చులు, చుక్కలు చుక్కలుగా కనిపించాయి. అంచున అమ్మ పెన్సిల్‌తో ‘చిన్నదాని పట్టు జాకెట్టు’ అని రాసుకుంది. ఆ చిన్నదాన్ని నేనే. ఆ జాకెట్టు నాకు బాగా గుర్తుంది, మెరూన్ రంగుది.

మా అమ్మాయి రవిక చేతులకు అదే దించాలనుకుంటున్నాం. తిన్న మూలలో రెండు పిందెలు పోయాయి, వాటిని ఎట్లా పూరించాలి? కిరోసిన్ ఎక్కడా దొరకడం లేదు, దానికి బదులు ఏం వాడుతున్నారు?

జవాబు (ప్రొద్దుటూరు)

పోయిన పిందె మీద కొత్త ట్రేసింగ్ కాగితం అతికించక్కా. పక్కనున్న పిందెను దాని మీద పెన్సిల్‌తో గీసి, కింద మెత్తటి దుప్పటి మడత వేసి సన్న సూదితో గుచ్చు. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య బియ్యపు గింజ వెడల్పు కంటే తక్కువే ఉండాలి. కిరోసిన్‌కు బదులు ట్రేసింగ్ లిక్విడ్ అని టైలరింగ్ సామాన్ల షాపుల్లో అమ్ముతారు. పొయ్యికి దూరంగా, కిటికీ తీసి పెట్టుకుని వాడు. ముందు పాతగుడ్డ మీద ఒకసారి దించి చూసుకో, పట్టు మీద మరక పడితే పోదు.